ఖిదిర్‌పూర్ లైనులో ట్యూబ్‌లైటు పేలని పొద్దు

మా అపార్ట్‌మెంటు వెనకాల చెత్త తగలెయ్యడం మాన్పించలేక, ఆ కోపంతో నేను కలకత్తా రైలెక్కాను. నవ్వితే నవ్వండి, నిజం అదే. విశాఖలో మధురవాడ వైపు మా కాంప్లెక్సు. వాచ్‌మన్ రోజూ తెల్లారగానే చెత్తకుప్పకి అగ్గిపుల్ల గీస్తాడు. అందులో కూరగాయ తొక్కల దగ్గర్నుంచి పాడైన బల్బుల దాకా అన్నీ ఉంటాయి. వద్దయ్యా అంటే "చలికాలం కదండీ టీచరుగారూ" అంటాడు. అసోసియేషన్ మీటింగులో లేచి మాట్లాడితే, కిటికీలు బిగించుకుని పడుకునే మహానుభావులందరూ "కాస్త పొగే కదండీ" అని కొట్టిపారేశారు. ఒళ్ళు మండిపోయి మా రవణమ్మక్కకి ఫోన్ చేసి మొర పెట్టుకున్నాను. రవణమ్మ మా పెదనాన్న కూతురు. పెళ్ళయ్యాక కలకత్తాలో ఖిదిర్‌పూర్ వెళ్ళిపోయింది. బావ అప్పలస్వామి అక్కడ మునిసిపాలిటీలో వీధులు ఊడ్చే పని చేసి రిటైరయ్యాడు. అక్క అంతా విని, "మా లైనులో ఈ ఏడు మాన్పించీసినాం కదే. నమ్మకం లేకపోతే వచ్చి చూసుకో" అంది. అంత గొప్పగా చెప్పాక వెళ్ళకుండా ఎలా ఉంటాను?

సాయంత్రం విశాఖలో ఎక్కితే పొద్దున్నే హౌరాలో దించే రైళ్ళు చాలానే ఉన్నాయి. స్లీపరుకి ఐదొందల లోపే అయింది. కాకపోతే డిసెంబరు మంచు వల్ల గంట ఆలస్యం, దిగేసరికి ఎనిమిదయింది. స్టేషన్ బయట టాక్సీవాళ్ళు నా సంచి చూడగానే మూడొందలు అన్నారు. వాళ్ళకో దండం పెట్టి మెట్రో మెట్లు దిగాను. దిగాను, దిగాను, పాతాళానికి పోతున్నానా అనిపించింది. ఆ రైలు గంగ అడుగున వెళ్తుంది. పది రూపాయల టిక్కెట్టుకి నది కిందనుంచి ప్రయాణం! నీలం దీపాలు కనిపించాయి, నది కింద ఉన్నామని గ్రహించేలోపే నది అయిపోయింది. ధర్మతలాలో పైకి వచ్చి ఖిదిర్‌పూర్ బస్సెక్కితే ఇంకో పన్నెండు రూపాయలు. కండక్టరుకి తెలుగు లైను ఎక్కడో అడిగితే, "ఆంధ్రా దీదీ? చింతా నేయ్, నేనే దింపుతా" అని వంతెన దాటగానే కేకేసి మరీ దింపాడు. డిసెంబరులో వెళ్ళేవాళ్ళు ఉన్ని టోపీ పెట్టుకోండి. అక్కడ మంకీ క్యాపు పెట్టుకోని మనిషిని చూసి జనం జాలిపడతారు.

లైను అంటే ఎదురెదురుగా రెండు వరసల ఇళ్ళు, మధ్యలో మునిసిపాలిటీ కుళాయి. అన్నీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలే, తాతల కాలం నుంచి ఊడ్పు పనివాళ్ళే. కుళాయి పక్కన సగానికి కోసిన ఇనప డ్రమ్ము ఒకటి, లోపలంతా మసి. చలికాలమంతా తెల్లవారుజామున డ్యూటీకి వెళ్ళేముందు ఆ డ్రమ్ములో నెగడు వేసుకుని చలి కాగడం ఆ లైను ఆచారం. వేసేది బావ. ఊడ్చిన చెత్త, ఆ వైపే ఉన్న మెటియాబ్రుజ్ పేట దర్జీ షాపుల్లో కత్తిరించి పారేసిన గుడ్డముక్కలు, ఏది దొరికితే అది. మంట బాగా అందుకున్నాక మాడిపోయిన ట్యూబ్‌లైటు ఒకటి అందులో పెట్టేవాడట. అది ఠాప్‌మని పేలేది. ఆ చప్పుడికి లైనంతా తలుపులు తెరుచుకునేవి, అది విని లేచి చాయ్ తాగి చీపురు పట్టేవారు. వాళ్ళకి అదే అలారం. నేను వెళ్ళేసరికి డ్రమ్ము చల్లగా ఉంది. అబ్బ, మా అక్క గెలిచిందే అనుకున్నాను.

"ఏటి గెలిచేది నా బొంద" అంది అక్క, నా చేతికి చాయ్ ఇస్తూ. "నిన్నటిదాకా ఊరుకున్నాడు. చలి ముదిరినాది కదా, మగోళ్ళంతా ఎగదోసినారు. రేపు పొద్దున్న వెలిగిస్తానని కూకున్నాడు మీ బావ. ఎలిగించినాడంటే మా గౌరి వెళ్ళిపోతాది."

గౌరి అక్క కోడలు, ఐదో నెల, మొగుడు పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. ఇంట్లో కూర్చుని జాకెట్లు కుడుతుంది. ఆమె గది కిటికీ తెరిస్తే ఎదురుగా ఆ డ్రమ్మే. ఆసుపత్రిలో డాక్టరమ్మ చెత్త పొగ దరిదాపుల్లోకి వెళ్ళొద్దని గట్టిగా చెప్పింది. గౌరి కలకత్తాలో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగులో సగం బెంగాలీ కలుస్తుంది, కానీ విషయం మాత్రం నాకు మా సైన్సు మాస్టారికన్నా బాగా చెప్పింది. "ట్యూబులో పాదరసం ఉంటది చిన్నత్తా. పేలగానే ఆవిరైపోతది. కంటికి కనపడదు, వాసన రాదు. పీల్చేస్తాం. మిగిలింది గాల్లో పోయి వానతో చెరువుల్లో పడతది, చేపలకెక్కుతది. ఆ చేప మళ్ళీ మన కంచంలోకే కదా! తల్లి ఒంట్లోంచి పిల్ల బుర్రకి పోతది అంది డాక్టరు దీదీ." అని పొట్ట మీద చెయ్యి వేసుకుంది. మంచం కింద సర్దిపెట్టిన సంచి చూపించింది. నెగడు వెలిగితే ఆ పొద్దున్నే పలాస బయల్దేరుతుందట. తల్లి లేదు, ఉన్నది పలాస వెళ్ళి స్థిరపడ్డ అన్నావదినెలు. వదిన కసురుకునే మనిషి. "వెళ్ళాలని లేదు చిన్నత్తా. కానీ ఇక్కడ ఊపిరి బిగబట్టి ఎన్నాళ్ళుంటాను?" అంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

బావ అప్పుడే కుళాయి దగ్గర ముఖం కడుక్కుని వచ్చాడు. బక్కపలచని మనిషి, మెడ చుట్టూ మఫ్లరు. "ఓ మరదలా, వచ్చినావేటి! నన్ను మార్చడానికి మీ అక్క టీచర్ని దింపినాదా?" అన్నాడు. నేను ఊరుకుంటానా? "అవును బావా, బెత్తం సంచిలో ఉంది" అన్నాను. నవ్వాడు గానీ, నెగడు మాట ఎత్తగానే ముఖం ముడుచుకున్నాడు. "ఆ పొగలోనే నేను పెరిగినాను, నా కొడుకు పెరిగినాడు. మాకేటైనాది? చలికి మనుషులు వణికిపోతంటే చూస్తా ఊరుకోమంటావేటి?" తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అక్క లోపలికి వచ్చి నా చెవిలో అంది, రిటైరయ్యాక ఆయనకి మిగిలిన డ్యూటీ అదొక్కటేనే అని. పొద్దున్నే నలుగురూ తన చుట్టూ చేరతారు, పేరు పెట్టి పిలుస్తారు. అది పోతే ఇంట్లో మూల కూర్చునే ముసలాయన. ఆ మాట విన్నాక నాకు కోపం సగం పోయింది, అదే కదా వచ్చిన చిక్కు.

పదకొండు దాటాక బావే వచ్చి, "పద మరదలా, మెటియాబ్రుజ్ చూపిస్తాను. ఆలుగడ్డ వేసిన బిర్యానీ తిన్నావేటి ఎప్పుడైనా?" అన్నాడు. దారిలో నచ్చచెప్పి ఒప్పించేద్దామని నేను ఎగిరి గంతేసి బయల్దేరాను. ఖిదిర్‌పూర్ కూడలిలో షేరాటోలు దొరుకుతాయి, మనిషికి ఇరవై తీసుకున్నాడు. ఓడల డాక్‌ల గోడ పక్కనుంచి, లారీల మధ్యనుంచి అరగంట. మెటియాబ్రుజ్‌లో ఏ మేడ చూసినా లోపల కుట్టుమిషన్ల చప్పుడే. సందుల్లో సైకిల్ మీద, నెత్తి మీద, తోపుడుబండి మీద బట్టల మూటలు. నేను అడుగు తీసి అడుగు వేస్తుంటే బావ పెళ్ళికొడుకులా ముందు నడిచాడు, అడుగడుక్కీ ఎవరో ఒకరు "దాదా, కేమన్ ఆఛో" అని పలకరింపు. మేం వెళ్ళింది రహీం మాస్టరు అనే పాత స్నేహితుడి కుట్టుమిషన్ల షాపుకి. బావ ఒకప్పుడు ఆ సందు ఊడ్చేవాడట, అప్పటి స్నేహం.

లోపల వరసగా మిషన్లు, ప్రతి మిషన్ నెత్తి మీదా ఒక దీపం. మేం వెళ్ళేసరికి పాత ట్యూబ్‌లైట్లు విప్పేసి ఎల్‌ఈడీలు బిగిస్తున్నారు. ఈ కొత్తవాటిలో పాదరసం ఉండదని మాస్టరే చెప్పాడు, బిల్లు కూడా తగ్గిందని సంబరపడ్డాడు. తీసేసిన పాతవి మూలన గోడకి ఆనించి ఉన్నాయి. బావ ఆ మూలకి వెళ్ళగానే మాస్టరు నాకు కుర్చీ వేసి, మట్టి కప్పులో చాయ్ తెప్పించి, హిందీలో అడిగాడు: "అక్కయ్యా, మా గౌరి ఎలా ఉంది? పసిబిడ్డకి బొంత కుట్టుకోవాలి కదా. మెత్తటి నూలు ముక్కలు ఏరి స్వామి దాదా సంచిలో వేశాను. కొత్త గుడ్డ, ఒక్క మరక ఉండదు. నేనిచ్చానని చెప్పండి." ఆ ముసలాయన ఆప్యాయతకి నాకు చాయ్ ఇంకా తియ్యగా అనిపించింది. సంచి అన్నాడేమిటా అని మాత్రం అప్పుడు తట్టలేదు. నా ధ్యాసంతా బిర్యానీ మీదే ఉంది, నిజం చెప్పాలి కదా. పక్క సందులోనే తిన్నాం, ప్లేటు నూటముప్ఫై. బావ షాపులో పనుందని నాకంటే ముందు తినేసి వెళ్ళిపోయాడు. ఆ ఆలుగడ్డ గురించి వేరే పోస్టు రాయొచ్చు.

తిని వచ్చేసరికి షాపు ముందు ఆటో ఒకటి, అందులో నా ఎత్తున గోనెసంచి, పక్కన చేతులు కట్టుకుని మా బావ. "ఏంటి బావా ఇది?" అన్నాను. "గుడ్డముక్కలు" అన్నాడు. "దేనికి?" అన్నాను. ఆకాశం చూశాడు. అప్పుడు వెలిగింది నాకు. మెటియాబ్రుజ్ చూపించడమూ లేదు, ఏమీ లేదు. రేపటి నెగడుకి సరుకు తెచ్చుకోవడానికి నన్ను తోడు తెచ్చుకున్నాడు! పైగా సంచి ఉంది కాబట్టి ఆటో మొత్తం మాట్లాడాలి, నూటఏభై నేనే ఇచ్చాను. సంచిలో పట్టని మూడు ట్యూబ్‌లైట్లు నా ఒళ్ళో అడ్డంగా పెట్టాడు. దారి పొడుగునా తిట్టాను. కడుపుతో ఉన్న పిల్లని ఇంట్లోంచి తరిమేస్తావా, బుద్ధుందా, బిర్యానీ పెట్టి నన్ను బుట్టలో వేసుకున్నావు కదా అని. ఆటోవాడికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, "దీదీ ఠిక్ బోల్‌ఛే" అని నా పక్షం చేరాడు. బావ మఫ్లరు ముక్కు మీదికి లాక్కుని కూర్చున్నాడు.

లైనుకి చేరేసరికి మూడున్నర. బావ సంచి దించి వసారాలో పెట్టి, డబ్బాలోంచి నీళ్ళు తాగుతున్నాడు. గౌరి గుమ్మంలో నుంచుని సంచి వంక చూసింది, ముఖం పాలిపోయింది. ఆ ముఖం చూడలేక, కాస్త నవ్విద్దామని నేనన్నాను: "అందులో నీకూ ఉందే. రహీం మాస్టరు నీ బొంతకి మెత్తటి ముక్కలు ఏరి వేశాడు. మరక లేని కొత్త గుడ్డట." గౌరి కళ్ళు మెరిశాయి. వంగి సంచి మూతి విప్పి, చెయ్యి లోపలికి పెట్టబోయింది.

"ముట్టకే!"

బావ నోట్లోంచి అంత కేక వస్తుందని నేను అనుకోలేదు. నీళ్ళ డబ్బా ఎక్కడ పడేశాడో, ఒక్క అంగలో వచ్చి గౌరి మణికట్టు పట్టుకుని వెనక్కి లాగేశాడు. అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఏమైందని అడిగింది. "ట్యూబులు... సంచిలో పట్టక... విరిచి కూరీసినాను" అన్నాడు. ఆ నూలు ముక్కలు అందులో ఉన్నాయని ఆయనకి తెలీదు, మాస్టరు నాకు మాత్రమే చెప్పాడు. సంచి మూతి దగ్గరికి తొంగి చూశాం. పైన తెల్లటి మెత్తటి గుడ్డలు, వాటి మీద గాజు పెంకులు, ట్యూబు లోపలి తెల్లపొడి చల్లినట్టుగా.

గౌరి బెదిరిపోలేదు. గుమ్మం అవతలికి వెళ్ళి నుంచుని, డాక్టరమ్మ చెప్పినట్టు మా అందరికీ పని పురమాయించింది. తలుపులు బార్లా తెరవమంది. చీపురు పట్టొద్దంది, ఊడిస్తే పొడి లేస్తుందట. సంచి కదపకుండా మూతి బిగించి, ప్లాస్టిక్ కవర్లో కట్టి బయట పెట్టమంది. నేల మీద రాలిన పెంకులు అట్టముక్కతో ఎత్తి, తడిగుడ్డతో అద్ది, ఆ గుడ్డ కూడా కవర్లోనే పడెయ్యమంది. జన్మంతా చీపురు పట్టిన బావ మోకాళ్ళ మీద కూర్చుని అట్టముక్కతో నేలంతా అంగుళం అంగుళం ఎత్తాడు. బొంత గుడ్డలు కూడా ఆ సంచితోనే పోయాయి. అంతా అయ్యాక ఆయన చేతులు సబ్బుతో రుద్దుకుంటుంటే గౌరి మెల్లగా అడిగింది, కోపంగా కాదు, నిజంగా అడిగినట్టే.

"మావయ్యా, పిల్ల కింద పరవకూడని గుడ్డ, పిల్ల ముందర కాల్చొచ్చా?"

బావ సబ్బు పక్కన పెట్టేశాడు. కుళాయి గట్టు మీద వెళ్ళి కూర్చున్నాడు. చీకటి పడ్డాక డ్యూటీ దిగిన మగవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి "రేపు ఖాయమే కదా స్వామన్నా?" అని అడిగారు. బావ మఫ్లరు సర్దుకుని లోపలికి వచ్చేశాడు. అన్నం కూడా సరిగ్గా తినలేదు. అక్క నా పక్కన పడుకుని, "ఏటి సేస్తాడో ఏటో" అని ఒత్తిగిలుతూనే ఉంది.

ఇంకా మసక చీకటి ఉండగానే ఇనప డ్రమ్ము ఈడుస్తున్న చప్పుడుకి మెలకువొచ్చింది. అక్కా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. గౌరి అప్పటికే లేచి, మంచం కిందనుంచి సంచి బయటికి లాగి, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. "మీ బావని ఈ చేత్తోనే..." అంటూ అక్క తలుపు తీసింది. నేనూ వెనకే పరుగెత్తాను. బయట మంట లేదు. బావ డ్రమ్ముని బోర్లించాడు. దాని మీద గ్యాసు పొయ్యి, దాని మీద పెళ్ళిళ్ళకి వాడే పెద్ద టీ కెటిలు, అల్లం వాసన. మమ్మల్ని చూసి, గరిటె తీసుకుని డ్రమ్ము పక్కన గట్టిగా కొట్టాడు. ఠంగ్! ఠంగ్! ఠంగ్! లైనంతా తలుపులు తెరుచుకున్నాయి. మంకీ క్యాపులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

"నెగడేదన్నా?" అన్నాడొకడు.

"ఈ ఏడు నెగడు నేదు. ఎప్పుడూ నేదింక. చాయుంది, తాగు. చలేస్తే ఊడ్చు, ఒళ్ళు అదే వేడెక్కుతాది" అన్నాడు బావ. ఎవరో గొణిగారు. ఇంకెవరో నవ్వారు. చాయ్ మాత్రం అందరూ తాగారు, కొందరు రెండుసార్లు. "స్వామన్నా, ఇంకాస్త పంచదార" అంటూ ఆయన చుట్టూనే మూగారు. గౌరి కిటికీ రెక్కలు రెండూ తెరుచుకోవడం నేను చూశాను. కాసేపటికి లోపలికి వెళ్తే, సంచిలోని చీరలు మళ్ళీ దండెం మీదకి ఎక్కుతున్నాయి.

నా రైలు మధ్యాహ్నానికి. వార్డు ఆఫీసు దగ్గర ఇలాంటి ట్యూబులూ బ్యాటరీలూ వేరుగా వేసే డబ్బా ఉంది, దారిలోనే కదా అని బావ నాతో బయల్దేరాడు. నేను ఆటోలో ఒళ్ళో పెట్టుకొచ్చిన ఆ మూడు ట్యూబ్‌లైట్లనీ తన శాలువాలో చుట్టి, రెండు చేతుల మీదా పడుకోబెట్టుకున్నాడు. విరిగిన ట్యూబులున్న గోనెసంచి సంగతి ముందే చెప్పి వస్తే, దాన్ని వాళ్ళే వచ్చి పట్టుకెళ్తామన్నారట. సైకిలు ఎదురొస్తే ఆగుతున్నాడు, గుంత కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్తున్నాడు. వీధిలో అందరూ చూస్తున్నారు. నేను ఊరుకోలేక అడిగేశాను.

"ఏం బావా, మనవరాల్ని ఎత్తుకోడానికి ప్రాక్టీసా?"

"ప్రాక్టీసే మరేటి" అన్నాడు, కళ్ళు ట్యూబుల మీదనుంచి తియ్యకుండా. "మెడ కింద చెయ్యి ఉండాల కదా."

విశాఖ వచ్చి పది రోజులు దాటింది. మా వాచ్‌మన్‌కి పొద్దున్నే ఫ్లాస్కులో చాయ్ పోసిస్తున్నాను. చలికి వేడిగా ఏదో ఒకటి కావాలి, పక్కన మాట్లాడే మనిషి కావాలి, ఆ మంటలో అతను వెతుక్కున్నది అదేనని ఇప్పుడు అర్థమైంది. మానేశాడని గొప్పలు చెప్పను, నిన్న మళ్ళీ కాస్త పొగ కనిపించింది. కానీ బల్బులు మాత్రం పక్కన పెడుతున్నాడు, నేను చెప్పకుండానే. మీటింగులో మళ్ళీ లేస్తాను, ఈసారి కోపంగా కాదు. గౌరి అడిగిన మాట ఒక్కటే అడుగుతాను, జవాబు వాళ్ళనే చెప్పమంటాను. రహీం మాస్టరు కొత్త నూలు ముక్కలు విడిగా మూట కట్టి పంపాడట, బొంత సగమైందని గౌరి ఫోటో పెట్టింది. అంచు ఎర్రరంగు.

కలకత్తా వెళ్ళినా వెళ్ళకపోయినా మీకో చిట్కా: కొత్త ట్యూబ్‌లైటు కొన్నప్పుడు దాని అట్టపెట్టె పారెయ్యకండి. పాతదాన్ని విరవకుండా అందులోనే పెట్టి, మీ ఊళ్ళో ఇలాంటివి వేరుగా తీసుకునే చోట ఇచ్చి రండి. దారిలో రెండు చేతులతో పట్టుకోండి, మెడ కింద చెయ్యి ఉండాలి.